పోలీసులు బస్తీకి వస్తే పెద్ద నేరాలు తగ్గుతాయా? పరిశోధనలు చెప్తున్నదేంటి

పోలీసులు, స్థానికులు కలిసి ఏరియా సమస్యలను గుర్తించి పరిష్కరించుకునే పద్ధతిని కమ్యూనిటీ పోలీసింగ్ అంటారు. మొహల్లా మీటింగులు, కాలినడక గస్తీ, ఇంటింటి పరిచయాలు ఇందులో భాగం. కేరళలో 2008లో మొదలైన జనమైత్రి సురక్ష ఇలాంటిదే. అయితే హత్యలు, దోపిడీల వంటి తీవ్ర నేరాలు దీనివల్ల తగ్గుతాయా?

లెక్క ఎందుకు కష్టం?

కేసులు పెరిగాయంటే నేరాలు పెరిగాయనే అర్థం కాదు. భయం పోయి జనం స్టేషన్ మెట్లెక్కితే ఎఫ్‌ఐఆర్‌లు కూడా పెరుగుతాయి. హత్యలు దాగవు కాబట్టి ఆ లెక్క నమ్మదగిందే. కానీ ఒక బస్తీలో అవి ఏడాదికి ఒకటో రెండో జరుగుతాయి. ఒకటి తగ్గినంత మాత్రాన అది స్కీమ్ గొప్పతనం అనలేం. అందుకే పరిశోధకులు లాటరీ పద్ధతిలో కొన్ని ఏరియాల్లో స్కీమ్ పెట్టి, మిగతావాటితో పోల్చి చూస్తారు. పోలీసు రికార్డులతో సరిపెట్టకుండా జనాన్నీ నేరుగా అడుగుతారు.

ఏం తేలింది?

అమెరికాలోని న్యూయార్క్ నగరంలో కాదు, దాని పక్కనున్న న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్‌లో 1970ల చివర్లో కాలినడక గస్తీని పరీక్షించారు. జనంలో భయం తగ్గింది, నేరాలు మాత్రం తగ్గలేదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2014లో చేసిన సమీక్షలోనూ పోలీసుల పట్ల సంతృప్తి పెరిగిందని, నేరాలపై ప్రభావం స్వల్పమేనని తేలింది.

2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇంకా నిరాశపరిచింది. బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండా దేశాల్లో చేసిన ప్రయోగాల్లో నేరాలు తగ్గలేదు, నమ్మకమూ పెరగలేదు. పై అధికారుల శ్రద్ధ లేకపోవడం, అధికారుల తరచు బదిలీలు, వచ్చిన ఫిర్యాదులపై చర్యకు వనరులు లేకపోవడం ఇందుకు కారణాలుగా పరిశోధకులు చెప్పారు.

ఫలితం ఎక్కడ కనిపించింది?

బోస్టన్‌లో 1996లో తుపాకీ ముఠాలపైనే గురిపెట్టారు. పోలీసులు, చర్చి పెద్దలు, సామాజిక కార్యకర్తలు ఆ యువకులతో నేరుగా మాట్లాడారు. కాల్పులు ఆపకపోతే కఠిన చర్యలు తప్పవని, ఆపితే సాయం చేస్తామని చెప్పారు. యువకుల హత్యల నెలవారీ సగటు 63 శాతం తగ్గిందని పరిశోధకులు లెక్కగట్టారు.

తెలంగాణ నేతన్నలు ఎందరో బతుకుతున్న భివండీది మరో అనుభవం. 1970, 1984లో అల్లర్లతో తగలబడిన ఊరది. 1988లో అక్కడ డీసీపీగా ఉన్న సురేశ్ ఖోపడే హిందూ, ముస్లింలతో కలిపి మొహల్లా కమిటీలు పెట్టారు. 1992-93లో పక్కనే ముంబై మండిపోతున్నా భివండీ నిలబడింది. ఇది లాటరీ ప్రయోగం కాదు, శాంతికి కమిటీలొక్కటే కారణమని రుజువు చేయలేం. అయినా వదిలేయదగ్గ పాఠం కాదు.

మీటింగులో ఏం అడగాలి?

చాయ్, ఫొటోలతో ముగిసే మీటింగు నేరాన్ని ఆపదు. పోయినసారి చెప్పిన సమస్య ఏమైంది? దాని బాధ్యత ఏ అధికారిది? ఎస్ఐ మారితే కొత్తాయనకు ఈ విషయాలు ఎవరు చెప్తారు? కమిటీలో ఆడవాళ్లు, యువకులు ఉన్నారా, లేక పలుకుబడి ఉన్నవాళ్లేనా? జవాబులు రాసి పెట్టుకుని, వచ్చే మీటింగులో మళ్లీ అడగాలి.