పాత రాజు ముఖం మీద కొత్త రాజు ముద్ర



మత్తయి సువార్త 22వ అధ్యాయంలో ప్రభువు ఒక దేనారము తెప్పించి, దాని మీద ఉన్న రూపం ఎవరిదని అడిగిన సంగతి మనందరికీ తెలుసు. దేనారము వెండి నాణెం. కూలివానికి ఒక రోజు కూలి. అప్పుడు రోమాను ఏలుతున్నది తిబెరి కైసరు. ఆయన వెండి నాణేలు వ్యాపారుల ఓడల్లో సముద్రం దాటి మన తెలుగు నేల దాకా వచ్చాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒకేచోట 1,500కు పైగా రోమా వెండి నాణేలు దొరికాయి. అవి ఔగుస్తు, తిబెరి కైసరుల నాణేలు. యెరూషలేములో ప్రభువుకు చూపించిన నాణెం లాంటివి మన ముత్తాతల చేతుల్లో కూడా తిరిగాయన్నమాట.

ఆ శతాబ్దాల్లో మన ప్రాంతాలను ఏలినవారు శాతవాహనులు. మన ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో తవ్వినప్పుడు కూడా ఆ కాలపు కుండ పెంకులు బయటపడ్డాయి. ఆ వంశంలో పేరుమోసిన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి. 2017లో వచ్చిన సినిమా వల్ల ఆ పేరు మన పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆయన వెండి నాణేల కథ చాలామందికి తెలియదు.

ఆయనకు పడమటి దిక్కున నహపానుడు అనే క్షత్రప రాజు ఉండేవాడు. క్షహరాత వంశం వాడు. తన వెండి నాణేల మీద ఒకవైపు తన ముఖం, ఇంకోవైపు బాణం, వజ్రాయుధం వేయించాడు. తన పేరును గ్రీకు, బ్రాహ్మీ, ఖరోష్ఠీ అనే మూడు లిపుల్లో రాయించాడు. గౌతమీపుత్రుడు అతన్ని ఓడించాడు. ఆ గెలుపు గురించి ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో చెక్కించిన శాసనం ఇప్పటికీ ఉంది.

గెలిచిన తర్వాత నహపానుని నాణేలను ఏం చేయాలి? శాతకర్ణి వాటిని పారేయలేదు. వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. నాణేన్ని దాకలి మీద పెట్టి, ముద్ర ఆనించి, సుత్తితో ఒక దెబ్బ. ఒకవైపు మూడు వంపుల కొండ, చుట్టూ ఆయన పేరు. రెండోవైపు ఉజ్జయిని గుర్తు. 1906లో నాసిక్ దగ్గర జోగల్తెంబిలో 13,000కు పైగా నహపానుని నాణేలు దొరికాయి. వాటిలో 9,000కు పైగా నాణేల మీద శాతకర్ణి ముద్ర ఉంది.

ఆ నాణేల్లో కొన్నింటిని దగ్గర పెట్టుకుని చూస్తే కొత్త ముద్ర కింద పాతది ఇంకా కనిపిస్తుంది. ఒకచోట నహపానుని ముక్కు, ఒకచోట చెంప, ఒకచోట గ్రీకు అక్షరం ముక్క. అయినా అది ఇక నహపానుని నాణెం కాదు. దాని మీద చివరి మాట శాతకర్ణిది.

ప్రియులారా, మన సంఘాల్లో మనం ఎంత తొందరగా తీర్పు తీరుస్తామో ఆలోచించండి. ఒకప్పుడు నాటుసారా కాసిన ఆమె బాప్తిస్మం తీసుకుని ప్రార్థన చేయడానికి లేస్తే, వెనక చాపల మీద గుసగుసలు మొదలవుతాయి. తాగుడు మానిన తమ్ముడు ఒకరోజు కోపంతో నోరు జారితే, "వీడు మారలేదబ్బా" అంటాం. ముద్ర కింద మిగిలిన ముక్కు ఒక్కటే మన కంటికి కనిపిస్తుంది. పైన ఉన్న ముద్ర కనిపించదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు చెప్పిన ఆత్మ ముద్ర ఆమె మీద, అతని మీద కూడా ఉందని మరచిపోతాం. అలా మాట్లాడేటప్పుడు మన మీద మిగిలిన పాత గీతలు కూడా మనకు గుర్తుకు రావు.

ఇది పాత పాపానికి సాకు కాదు. నాణెం ఒక దెబ్బ తిని అలాగే ఉండిపోతుంది. దానికి ప్రాణం లేదు. మనకు ప్రాణం ఉంది. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం ప్రకారం మనం ఇంకా నూతనపరచబడుతూనే ఉన్నాం. కాబట్టి ఆ తమ్ముడు మళ్లీ తన భార్యకు క్షమాపణ చెప్పాలి, ఆమె మళ్లీ మోకరించాలి, మనం వాళ్లకు తోడుగా నిలబడాలి.

ఇంకొక్క మాట. శాతకర్ణి ముద్ర వేసింది పరాయి రాజు వెండి మీద. మన దేవుడు అలా కాదు. ఆదికాండము మొదటి అధ్యాయం నుంచే మనం ఆయన స్వరూపంలో చేయబడినవాళ్లం. వెండి కూడా ఆయనదే. మధ్యలో ఎవరెవరో వచ్చి మన మీద ముద్రలు వేశారు. అప్పు వేసింది, తాగుడు వేసింది, ఊరు కులం పేరుతో వేసింది. ఆయన తన సొత్తునే తిరిగి తీసుకుని తన పేరు రాసుకున్నాడు.

వచ్చే ఆదివారం చాప మీద మీ పక్కన కూర్చున్నవారిని చూసినప్పుడు, ప్రభువు అడిగిన ఆ ప్రశ్నే మిమ్మల్ని మీరు అడగండి. ఈ రూపం ఎవరిది?

దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలను దీవించును గాక. ఆమెన్.