గాలి నుండి నీటికి: దోమకాటు వ్యాధుల నివారణ – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
‘మలేరియా’ అనే పదానికి ఇటాలియన్ భాషలో ‘చెడుగాలి’ అని అర్థం. చిత్తడి నేలల దుర్వాయువే ఈ జ్వరానికి మూలమని పాశ్చాత్య వైద్యులు చాలాకాలం భావించారు. తెలుగువారు లక్షణాన్ని బట్టి చలిజ్వరమని, ప్రాంతాన్ని బట్టి మన్యపు జ్వరమని వ్యవహరించారు. ఈ పేర్లలో దోమ ప్రస్తావన లేదు. కారణం దోమేనని తేలాక నివారణ భారం ఇంటిదా, ప్రభుత్వానిదా అన్న ప్రశ్న ఎలా పరిణమించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. సికింద్రాబాదు పరిశోధన:
ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, దోమ లాలాజల గ్రంథుల ద్వారా వ్యాధి సంక్రమించే క్రమాన్ని నిరూపించాడు. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం మానవ మలేరియాకు అనాఫిలిస్ దోమే వాహకమని నిర్ధారించింది.

3. ఇల్లు – ఆరుబయలు:
ఈ ఆవిష్కరణతో రెండు నివారణ మార్గాలు ఏర్పడ్డాయి. మొదటిది దోమకాటును తప్పించుకోవడం. 1900లో రోమ్ సమీపంలోని కంపానియాలో సాంబన్, లో అనే వైద్యులు జాలీలు బిగించిన కుటీరంలో నివసించారు. పగలు బయట తిరిగినా సూర్యాస్తమయానికి ముందే లోపలికి చేరేవారు. క్వినైన్ వాడకుండానే వారు ఆరోగ్యంగా ఉన్నారు. అయితే చీకటి పడ్డాక కూడా పొలంలో ఉండవలసిన రైతుకు ఈ వెసులుబాటు లేదు.

రెండవది దోమల పుట్టుకను అరికట్టడం. రాస్ దీనినే గట్టిగా సమర్థించాడు. కాని లాహోరు సమీపంలోని మియాన్‌మీర్ కంటోన్మెంటులో 20వ శతాబ్ది తొలినాళ్లలో గుంతలు పూడ్చి, కాలువలు మూసి చేసిన ప్రయోగం ఆశించిన ఫలితమివ్వలేదు. పరిమిత ప్రాంతంలో, పరిమిత వ్యయంతో దోమలను నిర్మూలించడం సాధ్యమా అన్న వివాదానికి అది దారితీసింది.

4. డిడిటి యుగం:
1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. రక్తం పీల్చిన దోమ గోడపై వాలుతుంది కనుక ఇళ్ల గోడలపై డిడిటి చల్లారు. 1958లో ఇది నిర్మూలన కార్యక్రమంగా మారింది. 1965 నాటికి కేసులు దాదాపు లక్షకు తగ్గినా, 1976లో 64 లక్షలు దాటాయి. దోమలు మందుకు తట్టుకునే శక్తిని పొందడం ఇందుకు ఒక కారణం. పట్టణాల్లో లార్వా నియంత్రణను స్థానిక సంస్థలకు వదిలివేయడం మరొకటి. ఆ లోటును గుర్తించి 1971లో పట్టణ మలేరియా పథకాన్ని రూపొందించారు.

5. ముగింపు:
డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. అందువల్ల రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. అది డ్రమ్ములు, తొట్లు, కూలర్లలోని నిల్వ నీటిలో పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం నుండి పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి పాత్రలను ఖాళీచేసి ఆరబెట్టమంటారు. అయితే కుళాయి నీరు రోజూ రాని ఇంటికి నీటి నిల్వ తప్పనిసరి అవసరం. అక్కడ మూతపెట్టడం ఇంటివారి బాధ్యత అయితే, నీటిని క్రమంగా అందించడం పాలనావ్యవస్థ బాధ్యత. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా నివారణ అసంపూర్ణమని పై చరిత్ర స్పష్టం చేస్తుంది.