బెంచీ మీద బలం, పాదాల్లో ఆట

అమెరికన్ ఫుట్‌బాల్‌లో చప్పట్లు అందని కొలువు ఒకటుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడకట్టి నిలబడే ఐదుగురిది. మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిళ్లు. సెంటర్ కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందించాక వాళ్లకిక బంతితో పనుండదు. మీదికొచ్చే వాళ్లను ఆపాలి, పరుగెత్తేవాడికి దారి తెరవాలి. ఈ ఆఫెన్సివ్ లైన్‌మ్యాన్‌ను ఎలా తయారుచెయ్యాలనే ప్రశ్నకు నూరేళ్లలో జవాబు చాలాసార్లు మారింది.

మొదట్లో అంతా తోపులాటే. 1892లో హార్వర్డ్ జట్టు యేల్ మీద ప్రయోగించిన ‘ఫ్లయింగ్ వెడ్జ్’లో ఆటగాళ్లు బాణం మొనలా గుంపుకట్టి ఒక్కడి మీదికి దూకారు. మైదానాల్లో చావులు పెరిగి, 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టే కల్పించుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు ముందుకు బంతి విసిరే పాస్‌ను అనుమతించారు. అయినా లైన్‌మ్యాన్ సాధన చాలాకాలం స్లెడ్ అనే బరువైన బండిని భుజంతో నెట్టుకుపోవడమే. బరువులెత్తితే ఒళ్లు బిగుసుకుపోతుందని, కాలు చురుకు తగ్గుతుందని కోచ్‌లకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని కదిలించినవాడు లూసియానాలోని బాటన్‌రూజ్‌లో జిమ్ నడిపిన ఆల్విన్ రాయ్. అతను బరువులెత్తించిన ఇస్ట్రూమా హైస్కూలు 1955లో రాష్ట్ర విజేత అయింది. 1958లో అదే దారి పట్టిన లూసియానా స్టేట్ యూనివర్సిటీ జాతీయ విజేత అయింది. 1963లో శాండియాగో చార్జర్స్ కోచ్ సిడ్ గిల్మన్ అతన్ని కొలువులోకి తీసుకున్నాడు. ఆ ఏడాది చార్జర్స్ బోస్టన్‌ను 51-10తో చిత్తుచేసి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ కప్పు గెలిచింది. ఈ కథలో చీకటి మూల కూడా ఉంది. శిబిరంలో భోజనాల బల్ల మీద డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రలు గిన్నెలో పెట్టేవారని ఆ జట్టు టాకిల్ రాన్ మిక్సే తర్వాత చెప్పాడు.

1969లో నెబ్రాస్కా యూనివర్సిటీలో బాయిడ్ ఎప్లీకి బరువుల శిక్షకుడి ఉద్యోగం దొరికిన తీరు మరీ సరదా. అతను నడుం దెబ్బతిన్న పోల్ వాల్ట్ విద్యార్థి. హెడ్ కోచ్ బాబ్ డివేనీ పెట్టిన షరతు ఒక్కటే: ఎవరి వేగం తగ్గినా ఉద్యోగం ఊడుతుంది. ఊడలేదు. 1970, 71లలో నెబ్రాస్కా జాతీయ విజేత. ఆ జట్టు సెంటర్ డేవ్ రిమింగ్టన్ 1981, 82లలో వరుసగా కాలేజీ లైన్‌మ్యాన్లకిచ్చే ఔట్‌ల్యాండ్ ట్రోఫీ అందుకున్నాడు.

అసలు మలుపు జిమ్ బయట వచ్చింది. 1978లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) నిబంధన మార్చింది. పాస్‌ను కాచే లైన్‌మ్యాన్ చేతులు చాచవచ్చు, అరచేతులు తెరవవచ్చు. అంతవరకూ పిడికిళ్లు రొమ్ముకు దగ్గరగా పెట్టుకుని భుజాలు, మోచేతులతో నెట్టుకొచ్చినవాడికి ఇక చెయ్యే ఆయుధం. వెనక్కి జరుగుతూ సరైన క్షణంలో ఎదుటివాడి రొమ్ము మీద అరచేతులు దించాలి. అంటే పాదం, తుంటి, చెయ్యి ఒక లయలో కదలాలి.

కానీ కళ్లు కండల మీదే ఉన్నాయి. 1989లో 102 కిలోల బార్‌ను బెంచ్ ప్రెస్‌లో 39 సార్లు ఎత్తిన టాకిల్ టోనీ మాండరిచ్‌ను గ్రీన్‌బే జట్టు కొత్త ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా తీసుకుంది. మూడో ఎంపిక, తర్వాత మేటి రన్నింగ్‌బ్యాక్ అయిన బారీ శాండర్స్! నాలుగు సీజన్లకు జట్టు మాండరిచ్‌ను వదులుకుంది. కాలేజీలో స్టెరాయిడ్లు వాడానని అతను 2008లో ఒప్పుకున్నాడు. వెల్లకిలా పడుకుని బరువెత్తే పరీక్ష ఎంపిక శిబిరాల్లో ఇంకా సాగుతూనే ఉంది. మైదానంలో వెల్లకిలా పడ్డ లైన్‌మ్యాన్ పని మాత్రం అప్పటికే అయిపోయినట్టు!

డెన్వర్‌లో లైన్ కోచ్ అలెక్స్ గిబ్స్ మరో దారి పట్టాడు. లీగ్‌లో తేలికైనదిగా పేరుపడ్డ లైన్‌ను పక్కకు, కలిసికట్టుగా కదిలించాడు. 1998లో వాళ్ల వెనక రన్నింగ్‌బ్యాక్ టెరెల్ డేవిస్ 2,008 గజాలు పరుగెత్తాడు.

తర్వాత లైన్‌మ్యాన్ కోసమే జిమ్‌లు పుట్టాయి. 2006లో క్లీవ్‌లాండ్ శిబిరం మొదటిరోజే మోకాలు దెబ్బతిని మళ్లీ ఆడలేకపోయిన సెంటర్ లెచార్లెస్ బెంట్లీ ఒకటి పెట్టాడు; టెక్సస్‌లో డ్యూక్ మేనీవెదర్ మరొకటి నడుపుతున్నాడు. ఇలాంటి జిమ్‌లలో స్క్వాట్ ఎంత ఎత్తావన్నదానితో పాటు చీలమండ ఎంత వంగుతోంది, ఒంటికాలి మీద తూకం నిలుస్తోందా అని కూడా చూస్తారు.

పాదాలకు పెరిగిన ఈ విలువకు గుర్తు జోర్డన్ మైలాటా. సిడ్నీలో రగ్బీ లీగ్ ఆడిన అతను 2018 డ్రాఫ్ట్‌లో 233వ ఎంపికగా ఫిలడెల్ఫియా చేరేనాటికి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. పెద్ద ఒళ్లు, తేలికైన కాళ్లు మాత్రం ఉన్నాయి. మిగతాది లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌ల్యాండ్ నేర్పాడు. 2025 ఫిబ్రవరిలో ఆ జట్టు కాన్సాస్ సిటీని 40-22తో ఓడించిన సూపర్ బౌల్‌లో క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమవైపు కాపలా అతనిదే.