పహాణీలో లేని కుటుంబాలు

ఇంగ్లండ్ పల్లెల్లో 1538 నుంచి చర్చి పుస్తకాల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాస్తూ వచ్చారు. పాలేరు పేరు కూడా అందులో ఉంటుంది. అందుకే ఆ పుస్తకాలు మిగిలిన చోట పేద కుటుంబానికి కూడా నాలుగు వందల ఏళ్ల వెనక్కి వెళ్లే దారి దొరకవచ్చు. తెలంగాణలోని మోత్కూరు చుట్టుపక్కల ఊళ్లలో అట్లాంటి పుస్తకం లేదు. ఉన్నదల్లా ఊరి భూమి లెక్కలు రాసిన పట్వారీ దఫ్తరమే.

1865లో దివాన్ సాలార్‌జంగ్ రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే జిలాబందీ తెచ్చాక నిజాం రాజ్యంలో భూమి లెక్కలు కుదురుకున్నాయి. ఆ లెక్కల పుస్తకమైన పహాణీ తెరిస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, తరి (మాగాణి), ఖుష్కీ (మెట్ట), పట్టాదారు, కబ్జాదారు, ఆ ఏటి పంట. శిస్తు వసూలుకు కావలసిందంతా ఉంటుంది, ఊరు మాత్రం ఉండదు. దొర గడీకి తరతరాలుగా వెట్టి చేసిన చాకలి, మంగలి, మాదిగ ఇండ్లలో పట్టా లేనివాళ్ల పేర్లు ఎక్కడా కానరావు. ఆడవాళ్ల పేర్లు మరీ అరుదు.

పహాణీకి ఎక్కని వంశాల చరిత్రను కాపాడింది ఆశ్రిత కులాల నాలుక, అంటే ఒక్కో కులాన్ని ఆశ్రయించి దాని కథ చెప్పేవాళ్లది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పారు. గొల్లలకు మందెచ్చులవాళ్లు కాటమరాజు కథ చెప్పారు. మాదిగలకు డక్కలివాళ్లు కిన్నెర మీటుతూ జాంబపురాణం వినిపించారు. పిచ్చకుంట్లవాళ్లు రెడ్ల గడప ముందు నిలబడి గోత్రం, ఇంటిపేరు, తాతముత్తాతల పేర్లు వరుసగా చదివి త్యాగం (కానుక) అడిగేవారు. ఏ ఊరు ఎవరి మిరాశో (వంశహక్కో) వాళ్లలో వాళ్లకు కట్టుబాటు ఉండేది. కథ చెబుతూ కూనపులివాళ్లు విప్పే బొమ్మల పటం చేర్యాల నకాషీ చిత్రకారుల చేతి పని: చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించిన మూడడుగుల వెడల్పు గుడ్డ. విప్పుతుంటే ముప్ఫై అడుగులు దాటి సాగుతుంది. పురాణంలోని మునితో మొదలైన వంశం ఎదుట కూర్చున్న నేతగాని ఇంటిదాకా వచ్చేది. ముని సంగతి నమ్మకం, కానీ చివరి నాలుగైదు తరాల పేర్లు మాత్రం అచ్చమైన చరిత్ర అని నా అభిప్రాయం.

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ సమావేశం తర్వాత, జనం సంఘం అని పిలిచిన ఆ సంస్థ ఊరూరా పాకింది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వెట్టి చేసినవాళ్ల పేర్లు అప్పుడు తొలిసారి ఊరి బయట వినబడ్డాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1954-55 ఖాస్రా పహాణీలో కొత్త పేర్లు కొన్ని ఎక్కాయి. 1984లో పటేల్, పట్వారీ పదవులే పోయాయి. అదే కాలంలో త్యాగం ఇచ్చేవాళ్లూ తగ్గారు. నేతన్నలు భీవండి, సోలాపూర్, సూరత్ మిల్లులకు వలసపోతే పటం విప్పడానికి వాడకట్టులో జనమే కరువయ్యారు. డక్కలి కళాకారుడు కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, మంచిదే. ఆయన కులంవాళ్లు మోసిన వంశావళులను రాసుకున్నవాళ్లు మాత్రం కొద్దిమందే.

మోత్కూరు 2018లో మున్సిపాలిటీ అయింది. ఇప్పుడు ఇంటికో నంబరుంది, కానీ ఆ నంబరు ఇంటి వంశం చెప్పదు. కూనపులివాళ్లో, డక్కలివాళ్లో మీ వాడకట్టుకు ఈసారి వస్తే బియ్యం పోసి పంపించేయకండి. కూర్చోబెట్టి, మీ ఇంటి పేర్లు చెప్పించుకుని ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్లు చెప్పని మీ అమ్మమ్మల, నానమ్మల పేర్లు, పుట్టిన ఊళ్లు పక్కన మీరే రాయండి.