కెమెరా ఎవరి చేతిలో వుంది?

పెళ్ళి ఆల్బమ్ తిరగేస్తే చాలు, ఫొటోగ్రాఫర్‌కి డబ్బిచ్చింది ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆడపెళ్ళివారు పిలిపించిన మనిషైతే పెళ్ళికూతురి పిన్నిగారు పది ఫొటోల్లో వుంటుంది. పెళ్ళికొడుకు మేనత్త ఒక్కదాంట్లో, అదీ సగం మొహంతో కనిపిస్తే అదృష్టమే. ఫొటోల్లో అబద్ధం ఏమీ లేదు, అన్నీ జరిగినవే. కానీ జరిగినదంతా వాటిలో లేదు. ఈ సంగతి మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా!

చట్టసభల్ని టెలివిజన్‌లో చూపించడం గురించి చదువుతుంటే నాకు ఈ ఆల్బమే గుర్తుకొచ్చింది. నేను చెప్పబోయే కథ చాలావరకు అమెరికాలో జరిగింది. చివర్లో మన ఇంటిదాకా వస్తుంది.

అమెరికా ప్రతినిధుల సభ, అంటే మన లోక్‌సభ లాంటిదన్నమాట, 1979 మార్చి 19 నుంచి దేశంలోని ఇళ్ళల్లో టెలివిజన్ మీద కనిపించసాగింది. ఆ రోజు మొదటి ప్రసంగం చేసినవాడు టెనెసీ నుంచి వచ్చిన కుర్ర సభ్యుడు ఆల్ గోర్. తరవాత ఉపాధ్యక్షుడైన ఆయనే. దాన్ని ప్రసారం చేసిన సి-స్పాన్ అనే ఛానెల్ కూడా ఆ రోజే పుట్టింది.

ఆ ఛానెల్ని తలపెట్టినవాడు బ్రయన్ లాంబ్. నౌకాదళంలో పనిచేసి వచ్చి, కేబుల్ టీవీ వ్యాపారం గురించిన పత్రికకు వాషింగ్టన్‌లో పనిచేస్తుండేవాడు. సాయంత్రం వార్తల్లో అరనిమిషం ముక్క చూపించి, దానికి ఇంకెవరో వ్యాఖ్యానం తగిలిస్తే ప్రజలకు ఏం తెలుస్తుంది? మొదటినుంచి చివరిదాకా వున్నదున్నట్టు చూపిస్తే చూసేవాళ్ళే అర్థం చేసుకుంటారు గదా! ఇదీ ఆయన వాదన. కేబుల్ కంపెనీలవాళ్ళ గుమ్మాలు ఎక్కి దిగాడు. చివరికి బాబ్ రోసెన్‌క్రాన్స్ అనే యజమాని 25,000 డాలర్లకు మొదటి చెక్కు రాసిచ్చాడు. నలుగురు ఉద్యోగులతో, 35 లక్షల ఇళ్ళకు అందేలా ఛానెల్ మొదలైంది. సబ్బుల ప్రకటనలు లేవు, ప్రభుత్వం సొమ్ము లేదు. కేబుల్ పెట్టించుకున్న ఇల్లాలు కట్టే నెల రుసుములోంచి కొద్ది సెంట్లు దానికి పోతాయి, అంతే. 1986లో సెనేట్ కూడా తలుపులు తీసింది. అప్పుడు రెండో ఛానెల్ వచ్చింది.

ఇంతవరకూ బాగానే వుంది. అసలు మెలిక ఏమిటంటే, ప్రతినిధుల సభలో కెమెరాలు సి-స్పాన్‌వి కావు. అవి సభవి. వాటిమీద పెత్తనం సభాపతిది. మాట్లాడే మనిషిని మాత్రమే చూపాలని కట్టడి. వినేవాళ్ళు నిద్రపోతున్నారో, నవ్వుతున్నారో, అసలు వున్నారో లేదో మనకు అనవసరం!

ఈ కట్టడి తమకెంత ఉపయోగమో న్యూట్ గింగ్రిచ్ అనే సభ్యుడూ, ఆయన స్నేహితులూ కనిపెట్టారు. ఆనాటి పని ముగిశాక ఎవరైనా లేచి తనకిష్టమైన విషయం మీద మాట్లాడవచ్చునన్న ఆనవాయితీ సభలో వుంది. అప్పటికి తక్కినవాళ్ళు ఇళ్ళకు పోయివుంటారు. వీళ్ళు మాత్రం లేచి ఎదుటి పార్టీవాళ్ళను ఎడాపెడా దులిపేసి, ‘ఏం, సమాధానం చెప్పరేం?’ అన్నట్టు కాసేపు ఆగేవారు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు, పాపం ఎదుటివాళ్ళకు నోట మాట రావడం లేదనిపించేది. నోళ్ళే లేనిచోట మాట ఎక్కణ్ణించి వస్తుంది?

అప్పటి సభాపతి టిప్ ఓ’నీల్‌కి ఒళ్ళు మండింది. 1984 మే 10న, ముందుగా ఎవరికీ చెప్పకుండా, కెమెరాను సభ మొత్తం తిప్పి చూపించమన్నాడు. పెన్సిల్వేనియా సభ్యుడు రాబర్ట్ వాకర్ చేతులూపుతూ మహా ఆవేశంగా మాట్లాడుతున్నాడు. ఎదురుగా వరసలు వరసలుగా ఖాళీ కుర్చీలు! దేశం చూసింది. పెద్ద గొడవైంది. అయిదు రోజుల తరవాత ఓ’నీల్ గారు పీఠం దిగివచ్చి గింగ్రిచ్‌తో స్వయంగా వాదానికి దిగి, నోరు జారారు. ఆ మాటలు నియమాలకు విరుద్ధమని ఆ సమయానికి పీఠం మీద వున్న ఆయన పార్టీ మనిషే తీర్పు చెప్పవలసి వచ్చింది. గింగ్రిచ్ పేరు దేశమంతా మారుమోగింది. 1995లో ఆ పీఠం మీదికి ఆయనే ఎక్కాడు.

ఇందులో ఎవరి పక్షం వహించాలో నాకు ఇప్పటికీ తేలదు. ఖాళీ కుర్చీలు చూపించడం నిజం చూపించడమే. కానీ ఓ’నీల్ ఆ నిజాన్ని చూపించింది నిజం మీద ప్రేమతో కాదు, కోపంతో. తన పార్టీవాళ్ళు ఖాళీ సభలో మాట్లాడుతుంటే అలాగే తిప్పమనేవాడా? నిజం ఒకరి దయాదాక్షిణ్యాల మీద బతకడం అంటే ఇదే.

లాంబ్ చేతిలో పగ్గం పూర్తిగా వున్నచోట ఏం చేశాడో చూడండి. 1989 ఏప్రిల్‌లో ‘బుక్‌నోట్స్’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. ఒక రచయిత, ఒక పుస్తకం, ఒక గంట. కథలూ నవలలూ కాదు, చరిత్రలు, జీవితచరిత్రలు, రాజకీయాలు. ఒక రచయితకు ఒక్కసారే అవకాశం. లాంబ్ పుస్తకం మొత్తం చదివి మరీ కూర్చునేవాడు. పాత భాగాలు కొన్ని చూశాను. మొదట్లో ఇదేం నీరసం అనిపించింది. ఎక్కడ కూచుని రాస్తారు? అంకితమిచ్చిన ఈవిడ ఎవరు? ఇలాంటి చిన్న చిన్న ప్రశ్నలు వేసి ఆయన పక్కకు తప్పుకుంటాడు. తన తెలివి చూపించుకోవాలన్న తాపత్రయం లేదు. పావుగంట గడిచేసరికి ఎదుటి మనిషి మనింటి వరండాలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. 2004 డిసెంబరు దాకా దాదాపు 800 పుస్తకాల గురించి అలా మాట్లాడించాడు. 1998 నుంచి రెండో ఛానెల్ వారాంతాలను పుస్తకాలకే ఇచ్చేశారు. 2013లో అధ్యక్షుల భార్యల జీవితాల మీద ఏడాది పాటు ఒక వరస నడిపారు. అది మాత్రం మనం తప్పక చూడవలసింది.

మళ్ళీ సభ దగ్గరికి వద్దాం. 2023 జనవరిలో ఒక తమాషా జరిగింది. సభాపతిని ఎన్నుకునేదాకా నియమాలుండవు, నియమాలు లేవు గనక కెమెరా మీద కట్టడీ లేదు. ఎన్నిక 15 సార్లు వోటింగు జరిగితే గాని తేలలేదు. ఆ అయిదు రోజులూ సి-స్పాన్ కెమెరాలు సభంతా స్వేచ్ఛగా తిరిగాయి. బద్ధవిరోధులు గుసగుసలాడుకోవడం, ఒకాయన మరొకాయన మీదికి వెళ్ళబోతే ఇంకొకరు పట్టి ఆపడం, అన్నీ జనం కళ్ళారా చూశారు. ఇకమీదట కూడా మా కెమెరాలు రానివ్వండి అని ఛానెల్ కోరింది. సభాపతి కుదిరాడు, నియమాలు వచ్చాయి, కట్టడీ వచ్చింది.

మరి మన సంగతి? 1989 డిసెంబరు 20న పార్లమెంటులో రాష్ట్రపతి ప్రసంగాన్ని మొదటిసారి ప్రత్యక్షంగా చూపించారు. 2006లో లోక్‌సభ టీవీ, 2011లో రాజ్యసభ టీవీ వచ్చాయి. రెండూ కలిసి 2021లో సంసద్ టీవీ అయ్యాయి. ఇక్కడా సభ బొమ్మ సభ చేతిలోదే.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు నెగ్గింది. సరిగ్గా ఆ సమయంలోనే ప్రత్యక్షప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నారు. చాలామంది నమ్మలేదు. లోపమేనో, కాదో, దాని ఫలితం ఒక్కటే. రాష్ట్రం వచ్చిందని బతుకమ్మలాడినంత సంబరపడ్డవారూ, విడిపోయామని అన్నం మానేసినవారూ ఇద్దరూ ఆ రోజు టీవీల ముందే వున్నారు. తమ బతుకులు మారుతున్న ఆ ఘడియను ఇద్దరూ చూడలేకపోయారు. బిల్లు ఏ తేదీన నెగ్గిందో పిల్లలు పరీక్షల్లో రాస్తారు. అది ఎలా నెగ్గిందో తెలుసుకోవాలంటే మాత్రం, ఆ రోజు సభలో వున్నవాళ్ళు చెప్పిందే మనకు దిక్కు.