వరాహగిరి వెంకటగిరి

వరాహగిరి వెంకటగిరి (1894 ఆగస్టు 10 – 1980 జూన్ 24) స్వాతంత్ర్య సమరయోధుడు, భారత రైల్వే కార్మికోద్యమాన్ని నిలబెట్టిన తొలితరం నాయకుడు, దేశానికి నాలుగో రాష్ట్రపతి. వి.వి. గిరిగా ప్రసిద్ధుడు. కూలి చేసుకునే మనిషికి దక్కని స్వరాజ్యం స్వరాజ్యమే కాదన్న నమ్మకం ఆయన రాజకీయాలకు పునాది. కార్మికుడూ యజమానీ ఎదురెదురుగా సమాన హోదాతో కూర్చుని మాట్లాడుకోవాలనీ, సమ్మె చివరి ఆయుధం కావాలనీ ఆయన జీవితాంతం వాదించాడు.

బి.ఎన్.ఆర్. దారిలో తెలుగువారు

గిరి జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) గురించి తెలియాలి. 1887లో ఏర్పడిన ఈ కంపెనీ నాగపూర్ – ఛత్తీస్‌గఢ్ మీటర్ గేజి లైనును బ్రాడ్ గేజిగా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పొడిగించింది. 1891 నాటికి ఈ దారి పూర్తయింది. ఆ తర్వాత ఖరగ్‌పూర్ నుంచి బరంపురం, విజయనగరం మీదుగా వాల్తేరుకు వచ్చే తూర్పుతీర మార్గం కూడా ఈ కంపెనీ చేతికే వచ్చింది. 1931లో రాయపూర్ – విజయనగరం లైను పూర్తయి ఛత్తీస్‌గఢ్‌ను ఉత్తరాంధ్రతో నేరుగా కలిపింది.

పట్టాలతో పాటే మనుషులూ కదిలారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎందరో బతుకుతెరువు వెతుక్కుంటూ ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా, ఫైర్‌మన్‌లుగా, ఫిట్టర్లుగా ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ చేరారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ అర్పా నది అవతల సర్కండాలోనూ నేటికీ వినిపించే తెలుగుకు మూలం ఎక్కువగా ఈ వలసే. బరంపురంలో పుట్టిన గిరికి ఈ కార్మికులు పరాయివాళ్లు కారు. వాళ్ల ఊళ్లూ, వాళ్ల మాటా ఆయనవే.

బాల్యం, డబ్లిన్ చదువు

తండ్రి వి.వి. జోగయ్య పంతులు బరంపురంలో పేరున్న న్యాయవాది, కాంగ్రెస్‌వాది. తల్లి సుభద్రమ్మ కూడా జాతీయోద్యమంలో పాల్గొన్నది. న్యాయశాస్త్రం చదవడానికి గిరి 1913లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ చేరాడు. ఆ ఏడాదే ఆ నగరం అట్టుడికిపోయింది. యూనియన్‌లో చేరినవాళ్లకు పని లేదంటూ యజమానులు ఆగస్టులో లాకౌట్ ప్రకటించారు. వేలాది కార్మిక కుటుంబాలు నెలల తరబడి పస్తులున్నాయి. ఆ కార్మికుల పక్షాన నిలిచిన సోషలిస్టు నాయకుడు జేమ్స్ కానలీ గిరిపై చెరగని ముద్ర వేశాడు.

1916 ఏప్రిల్‌లో బ్రిటిష్ పాలనపై ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. అందులో పాల్గొన్నందుకు, గిరి చదువుతున్న యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు అధ్యాపకుడైన థామస్ మెక్‌డొనాను తుపాకులతో కాల్చి చంపారు. గాయాలతో నిలబడలేని కానలీని కుర్చీకి కట్టి మరీ కాల్చారు. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానం గిరిపైనా పడింది. ఆయన అదే ఏడాది దేశానికి తిరిగివచ్చాడు. జాతి విముక్తి, కార్మిక విముక్తి వేరువేరు దారులు కావన్న పాఠం ఆయనకు డబ్లిన్‌లోనే దొరికింది.

యూనియన్ నిర్మాణం, 1927 సమ్మె

బరంపురంలో న్యాయవాదిగా స్థిరపడుతున్న గిరి సహాయ నిరాకరణోద్యమంలో దిగాడు. కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసి 1922లో అరెస్టయ్యాడు. అదే దశకంలో అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఒకడై, పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేశాడు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు.

ఖరగ్‌పూర్ కేంద్రంగా పనిచేసిన బి.ఎన్.ఆర్. కార్మిక సంఘానికి అసలు పరీక్ష 1927లో ఎదురైంది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె మార్చి దాకా సాగింది. ఆ తర్వాత అదే ఏడాది కంపెనీ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పెద్ద ఎత్తున ఉద్యోగాల కోతకు దిగింది. కార్మికులు ఎదురుతిరిగితే వర్క్‌షాపుకు తాళం వేసింది. జీతం లేదు. క్వార్టరు కంపెనీదే గనక ఇల్లూ భద్రం కాదు. ఇంటికి డబ్బు పంపాల్సిన మనిషి అప్పు కోసం చేయి చాచాల్సి వచ్చింది. అంతటి కష్టంలోనూ సంఘం చెదరకుండా, పోరాటం హింసవైపు మళ్లకుండా నిలపడం గిరి నాయకత్వానికి గీటురాయి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం అప్పుడప్పుడే అమలులోకి వస్తున్న కాలంలో, కార్మిక సంఘాన్ని పక్కనబెట్టి రైల్వేను నడపలేమని ఈ పోరాటం పాలకులకు తెలియజెప్పింది.

1927లో గిరి జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సదస్సుకు కార్మిక ప్రతినిధిగా వెళ్లాడు. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కార్మిక కమిషన్‌తో సహకరించాలా వద్దా అన్న వివాదంలో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ చీలింది. కమ్యూనిస్టులతో విభేదించిన గిరి, ఎన్.ఎం. జోషి తదితరులు ఇండియన్ ట్రేడ్ యూనియన్ ఫెడరేషన్ స్థాపించారు. తర్వాత రెండు సంస్థలూ కలిసిపోయాయి. 1942లో గిరి మళ్లీ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు.

శాసనసభ, జైలు, మంత్రిపదవి

1937 ఎన్నికల్లో గిరి మద్రాసు ప్రధానిగా ఉన్న జమీందారు బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డమీదే ఓడించాడు. ఉత్తరాంధ్ర రాజకీయాల్లో అదొక మలుపు. రాజాజీ మంత్రివర్గంలోనూ, 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలోనూ కార్మిక, పరిశ్రమల శాఖలు చూశాడు. ఈ రెండు పదవుల మధ్య క్విట్ ఇండియా ఉద్యమంలో జైలు జీవితం గడిపాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1951 వరకు సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్నాడు.

1952లో నెహ్రూ ప్రభుత్వంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. వివాదాలను తీర్పులతో బలవంతంగా తేల్చడం కన్నా ఉభయుల చర్చలతో పరిష్కరించడం మేలన్న ఆయన వాదానికి 'గిరి విధానం' అన్న పేరు స్థిరపడింది. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం కుదించడంతో 1954లో ఆయన పదవి వదులుకున్నాడు. తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967 నుంచి ఉపరాష్ట్రపతిగా పనిచేశాడు.

రాష్ట్రపతిగా

1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణించడంతో గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యాడు. 14 ప్రైవేటు బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సుపై జూలై 19న సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలో దిగాడు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరు తెలుగువాళ్ల మధ్య జరిగిన ఈ పోటీలో రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించాక గిరి 4,20,077 విలువ గల ఓట్లతో గెలిచాడు. రెడ్డికి 4,05,427 వచ్చాయి. ఆ ఎన్నిక కాంగ్రెస్ చీలికకు దారితీసింది.

ఆయన పదవీకాలం చివరి నెలలు రైల్వే కుటుంబాలు మరిచిపోలేనివి. 1974 మే 8న జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. దానికి ముందు నిలిచింది గిరి స్థాపకుల్లో ఒకడైన రైల్వేమెన్స్ ఫెడరేషనే. ప్రభుత్వం వేలమందిని జైళ్లలో పెట్టింది, ఉద్యోగాలు తీసేసింది. మే 27న సమ్మె విరమించారు. మంత్రివర్గ సలహాకు కట్టుబడిన రాష్ట్రపతిగా గిరి దాన్ని ఆపలేకపోయాడు. ప్రభుత్వ నిర్ణయాలకు ఎదురుచెప్పని రాష్ట్రపతి అన్న విమర్శ ఆయనపై ఉంది. ఆయన జీవితాన్ని తూచేటప్పుడు 1927నూ 1974నూ ఒకే త్రాసులో పెట్టక తప్పదు.

ఆఫ్రికాతో పోలిక

రైలు పట్టాల మీద మొదలైన స్వాతంత్ర్య చైతన్యం భారతదేశానికే పరిమితం కాదు. ఫ్రెంచి పాలనలోని పశ్చిమ ఆఫ్రికాలో 1947 అక్టోబరు నుంచి 1948 మార్చి వరకు సాగిన డకార్ – నైజర్ రైల్వే సమ్మె అక్కడి ప్రజల్లో కొత్త ధైర్యం నింపింది. అదే ప్రాంతానికి చెందిన సోషలిస్టు యూనియన్ నాయకుడు అహ్మద్ సెకూ టూరే 1958లో స్వతంత్ర గినీకి తొలి అధ్యక్షుడయ్యాడు. గిరిలాగే ఆయనా కార్మిక సంఘం మెట్లెక్కి దేశ అత్యున్నత పదవికి చేరాడు. అయితే టూరే ఏకపార్టీ పాలనలో సంఘాలు పార్టీకి లోబడిపోయాయి. సంఘం స్వతంత్రంగా నిలవాలన్నది గిరి పట్టు.

వారసత్వం

గిరికి 1975లో భారతరత్న లభించింది. 1974లో ఏర్పడిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. అది నోయిడాలో ఉంది. ఒకప్పుడు తెలుగు కార్మికులు వలస వచ్చిన బిలాస్‌పూర్ 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రమైంది. నేడు రైల్వేలో గుర్తింపు పొందిన సంఘాలు పీఎన్ఎం (శాశ్వత చర్చల యంత్రాంగం) సమావేశాల్లో అధికారుల ఎదుట కూర్చుని క్వార్టర్ల మరమ్మతు నుంచి డ్యూటీ గంటల దాకా ఒక్కో అంశాన్నీ చర్చకు పెడతాయి. వర్క్‌షాపు తాళం ముందు నిలబడ్డ 1927 నాటి ఖలాసీకి ఆ కుర్చీ లేదు.