ముందు ఖర్చులుంటయ్ (మన అప్పుల చరిత్ర – 7)

ఇప్పటిదాకా ఈ వరుసలో అప్పు ఇచ్చేవాడి గురించి రాస్తూ వచ్చాను. ఈసారి ఇంకొకడి గురించి. అప్పులో ఒకసారి మోసపోయినవాడి గుమ్మం దగ్గరికొచ్చి, "నీకు రావాల్సింది నేను ఇప్పిస్తా, ముందు నా ఫీజు కట్టు" అనేవాడి గురించి. కథ ఎక్కువ భాగం అమెరికాలో నడుస్తుంది. కానీ వాణ్ని నేను మొదట చూసింది మా ఇంట్లోనే.

1980ల చివర్లో సంగతి. ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీతో గేదెల లోన్లు వస్తున్నాయని మా పల్లెలో చెప్పుకున్నారు. ఊళ్లో ఒకాయనకు ఆఫీసుల్లో తిరగడం అలవాటు. రోజూ మా నాయన్ని "ఏరా" అనేవాడు. ఆ రోజు పల్లెదాకా నడిచొచ్చి "ఏమయ్యా, గేదె కావాలా?" అన్నాడు. మా అమ్మకు ఆ "ఏమయ్యా" ఇప్పటికీ గుర్తు. "ముందు ఖర్చులుంటయ్. పైన అందరికీ పెట్టాలి గదా" అన్నాడు. అమ్మ చెవికమ్మలు తాకట్టు పెట్టి అయిదు వందలు ఇచ్చారు.

గేదె రాలేదు. రెండేళ్లు కమ్మల మీద వడ్డీ కట్టి, చివరికి వాటినీ వదులుకున్నారు. ఆ దరఖాస్తుకు ఎవరికీ లంచం ఇవ్వక్కర్లేదని నాకు చదువొచ్చాక తెలిసింది. అయితే అసలు నష్టం అయిదు వందలూ కాదు, కమ్మలూ కాదు. ఆ తర్వాత మా నాయన ఏ ప్రభుత్వ కాగితం మీదా వేలిముద్ర వెయ్యలేదు. ఇళ్ల స్థలాలకు పేర్లు రాసుకోడానికి వచ్చినప్పుడు కూడా "మళ్లీ ఎవడికి పెట్టాలో" అని పొలానికి వెళ్లిపోయాడు.

అమెరికాలో నల్లజాతివాళ్ల ఇళ్ల చరిత్ర చదువుతున్నప్పుడు నాకు ఆ ఊళ్లో ఆయన మళ్లీ కనబడ్డాడు.

వాళ్ల చరిత్ర మనకెందుకు అని అడిగేవాళ్లుంటారు. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. అంటరానివాళ్ల స్థితికీ అమెరికా నల్లవాళ్ల స్థితికీ ఉన్న పోలిక వల్ల వాళ్ల గురించి చదవడం మనకు అవసరమని అందులో చెప్పారు. నేను చదివేది ఆ మాట పట్టుకునే.

1930ల్లో అమెరికాలో ఇంటి లోన్ల వ్యవస్థ కుప్పకూలింది. 1933లో ప్రభుత్వం హెచ్‌ఓఎల్‌సీ అనే సంస్థ పెట్టింది. అది నగరాల పటాలు గీయించి, పేటలకు నాలుగు రంగులు వేయించింది. మంచి పేటకు ఆకుపచ్చ, అప్పు ఇవ్వడం ప్రమాదమనుకున్న పేటకు ఎరుపు. నల్లవాళ్లున్న పేట దాదాపు ఎప్పుడూ ఎరుపే. 1934లో వచ్చిన ఎఫ్‌హెచ్‌ఏ ఇంటి లోన్లకు ప్రభుత్వ పూచీ ఇచ్చేది. నల్లవాళ్ల పేటలకు ఆ పూచీ ఇవ్వలేదు. మన దగ్గర ఊరికీ పల్లెకూ మధ్య గీతను పటం మీద గీయక్కర్లేదు, అందరికీ తెలుసు. అక్కడ దానికి రంగు వేసి ఫైల్లో పెట్టారు.

బ్యాంకు తలుపు మూసుకుంటే పక్క సందులో ఇంకో తలుపు తెరుచుకుంటుంది. షికాగోలో దాని పేరు కాంట్రాక్టు కొనుగోలు. నెలనెలా కట్టాలి, ఆఖరి వాయిదా తీరేదాకా ఇల్లు అమ్మినవాడిదే. ఒక్క వాయిదా తప్పితే అప్పటిదాకా కట్టిందంతా పోయి, ఇంట్లోంచి బయటికి. మిసిసిపీ నుంచి వలస వచ్చిన క్లైడ్ రాస్ 1961లో అలా ఒక ఇల్లు 27,500 డాలర్లకు కొన్నాడు. అమ్మినవాడు ఆరు నెలల ముందే దాన్ని 12,000కు కొన్నాడు. రాస్ లాంటివాళ్లు 1968లో లాండేల్ పేటలో కాంట్రాక్ట్ బయర్స్ లీగ్ పెట్టుకుని వాయిదాలు కట్టడం ఆపి సమ్మె చేశారు. వాళ్లను గెంటడానికి పోలీసులొస్తే, వీధిలో పడేసిన సామాన్లను ఇరుగుపొరుగు మళ్లీ లోపల పెట్టేవాళ్లు. అదే ఏడాది ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

చట్టం వచ్చాక దోపిడీ పోలేదు, దిక్కు మార్చుకుంది. ఒకప్పుడు నల్లవాళ్ల పేటకు లోను ఇవ్వనన్న బ్యాంకులు 2000 దాటాక అక్కడికే వెతుక్కుంటూ వచ్చాయి. ఇచ్చింది మాత్రం సబ్‌ప్రైమ్ లోను. ఎక్కువ వడ్డీ, ఎక్కువ ఫీజులు, రెండు మూడేళ్లకు పెరిగిపోయే వాయిదా. 2008 జనవరిలో బాల్టిమోర్ నగరం వెల్స్ ఫార్గో బ్యాంకు మీద కేసు వేసింది. ఆ కేసులో ఇద్దరు మాజీ ఉద్యోగులు ప్రమాణపత్రాలిచ్చారు. నల్లవాళ్ల చర్చిల్లో "సంపద పెంచుకోండి" అనే సదస్సులు పెట్టి ఈ లోన్లు అమ్మాలనుకున్నారని అందులో ఉంది. బ్యాంకు ఆరోపణలను ఒప్పుకోలేదు. కానీ 2012 జులైలో న్యాయశాఖతో 17.5 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. అంతకుముందు 2011 డిసెంబరులో కంట్రీవైడ్ కేసు 33.5 కోట్ల డాలర్లకు రాజీ అయింది. ఒకే రకం ఆదాయం, ఒకే రకం అప్పు చరిత్ర ఉన్నా, తెల్లవాళ్లకంటే రెండు లక్షల మందికి పైగా నల్లజాతి, హిస్పానిక్ ప్రజల దగ్గర ఎక్కువ ఫీజులు, వడ్డీలు గుంజారన్నది న్యాయశాఖ ఆరోపణ.

అంటే "నా దగ్గర అక్రమంగా ఫీజు తీసుకున్నారు" అని వాళ్లు అనుకోవడం భ్రమ కాదు. రావాల్సిన డబ్బు నిజంగానే ఉంది. ఇంటిని కాపాడుకునే దారి కూడా కాగితం మీద ఉంది. 2009లో ఒబామా ప్రభుత్వం హ్యాంప్ పథకం పెట్టి 30 నుంచి 40 లక్షల ఇళ్లకు వాయిదాలు తగ్గిస్తామంది. ప్రభుత్వం ఆమోదించిన సలహాదారులు ఉచితంగా దరఖాస్తు రాసిపెట్టేవాళ్లు.

ఆ నిజం చుట్టూ వ్యాపారం మొలిచింది. టీవీలో, రేడియోలో, పోస్టులో ప్రకటనలు. "మీ బ్యాంకు మిమ్మల్ని మోసం చేసింది. మీ లోను కాగితాలు ఆడిట్ చేసి తప్పులు పట్టుకుంటాం. వాయిదా సగానికి తగ్గిస్తాం." దీనికి ముందుగా వేల డాలర్లు కట్టాలి. కొన్ని కంపెనీలు ప్రభుత్వ ముద్రలాంటి ముద్ర వేసుకున్నాయి. హోప్ నౌ అని నిజమైన ఉచిత సహాయ కూటమి ఒకటి ఉండేది. ఆ పేరు తగిలించుకుని డబ్బు వసూలు చేస్తున్న హోప్ నౌ మాడిఫికేషన్స్ మీద ఎఫ్‌టీసీ, అంటే కేంద్ర వాణిజ్య కమిషన్, 2009 మార్చిలో కోర్టుకెళ్లింది. స్పానిష్ మాట్లాడేవాళ్ల కోసం స్పానిష్‌లోనే ప్రకటనలిచ్చి దోచుకున్నవాళ్ల మీదా కేసులు పెట్టింది.

డబ్బు తీసుకున్నాక వాళ్లు రెండు మాటలు చెప్పేవాళ్లు. బ్యాంకుతో మాట్లాడొద్దు. వాయిదా కట్టొద్దు. ఇంటాయన నమ్మి ఆగేవాడు. నెలలు గడిచేవి. బ్యాంకు నోటీసుకు జవాబివ్వాల్సిన గడువు దాటిపోయేది. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు ఫీజుకు పోయేది. చివరికి ఇల్లు వేలానికి వచ్చేది.

చదువుకున్నవాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. ఉచితంగా దొరికేదానికి వేల డాలర్లు ఎందుకు కట్టారు, అంత తెలివి లేదా అని. ఈ ప్రశ్న నేను మా నాయన విషయంలోనూ విన్నాను. జవాబు ఆ రోజుల్లో బ్యాంకుకు ఫోన్ చేసినవాళ్లు చెప్పారు. గంటలు గంటలు లైన్లో ఉంచడం. పంపిన కాగితాలే మళ్లీ పంపమనడం. ప్రతిసారీ కొత్త మనిషి, మొదటినుంచీ కథ చెప్పుకోవడం. హ్యాంప్ పథకం తాను చెప్పిన లక్ష్యం దరిదాపులకు కూడా చేరలేదు. అలాంటప్పుడు ఒకడు తనే ఫోన్ చేసి, పేరు పెట్టి మర్యాదగా పిలిచి, చెప్పేదంతా ఓపిగ్గా వింటే? ఆ డబ్బు కట్టింది తెలివితక్కువతనానికి కాదు. ఆఫీసు ఇవ్వని మర్యాదకు కట్టారు. మా నాయన కూడా "ఏమయ్యా" అన్న ఒక్క పిలుపుకే కట్టాడేమో.

దీన్ని పౌరహక్కుల సమస్యగా చూసినవాళ్లూ ఉన్నారు. 1963లో పుట్టిన లాయర్స్ కమిటీ ఫర్ సివిల్ రైట్స్ అనే సంస్థ ఈ మోసాల ఫిర్యాదులను దేశమంతా సేకరించింది. కాలిఫోర్నియా 2009 అక్టోబరులోనే ముందస్తు ఫీజును నిషేధించింది. 2010 నవంబరులో ఎఫ్‌టీసీ దేశమంతటికీ ఒక నిబంధన తెచ్చింది. ముందస్తు ఫీజు నిషేధం 2011 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అసలు సంగతి ఒక్కటే. బ్యాంకు దగ్గర్నుంచి రాతపూర్వకంగా ఒప్పందం తెచ్చి చూపించాలి, ఇంటివాళ్లు దానికి ఒప్పుకోవాలి, ఆ తర్వాతే ఫీజు. బ్యాంకుతో మాట్లాడొద్దని చెప్పడాన్ని కూడా నిషేధించింది.

ఈ ఒక్క వాక్యం లెక్కను తలకిందులు చేసింది. ముందు డబ్బు తీసుకుంటే పని కాకపోయినా కంపెనీకి పోయేదేమీ లేదు, నష్టమంతా అప్పటికే నష్టపోయినవాడిది. ఫలితం తర్వాతే ఫీజు అంటే పని కాకపోతే నష్టం కంపెనీది. మోసం చేసేవాడికి ఆ బేరం గిట్టదు.

కానీ నిబంధనలో ఒక సందు ఉంది. లాయర్లకు మినహాయింపు ఇచ్చారు, ముందు తీసుకున్న ఫీజును ట్రస్టు ఖాతాలో వేసి, పని చేసినకొద్దీ తీసుకోవాలన్న షరతుతో. దాంతో కంపెనీలు లాయర్ల పేరు బోర్డు మీద తగిలించుకున్నాయి. "వందలమందిమి కలిసి బ్యాంకు మీద కేసు వేస్తున్నాం, మీరూ చేరండి, జప్తు ఆగుతుంది, నష్టపరిహారం వస్తుంది" అని ఉత్తరాలు పంపాయి. చేరడానికి మళ్లీ వేల డాలర్లు. 2011 ఆగస్టులో అప్పటి కాలిఫోర్నియా అటార్నీ జనరల్ కమలా హారిస్ అలాంటి లాయర్ సంస్థల మీద కేసు పెట్టి మూయించడానికి దిగారు. కలిసి పోరాడటం అనే మాట లాండేల్ సమ్మెలో పుట్టిన మాట. దాన్నే సరుకు చేసి అమ్మారు.

ఒకే ఇంటి మీద మూడు దెబ్బలు. లోను ఇవ్వకుండా ఒకటి, చెడ్డ లోను ఇచ్చి ఒకటి, ఆ చెడ్డ లోను నుంచి బయటపడేస్తానని ఒకటి. మూడో దెబ్బ తిన్నవాడు ఇక తలుపు తియ్యడు. నిజంగా సాయం చెయ్యడానికి వచ్చినవాణ్నీ నమ్మడు. రాజీల్లో ప్రకటించిన కోట్ల డాలర్లతో ఆ నమ్మకం తిరిగిరాదు.

ఇప్పుడు మన పల్లెకు వద్దాం. ఫోన్లో "మీకు లోను మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు ముందు కట్టండి" అని పిలుపులొస్తున్నాయి. ఇళ్లు కట్టుకున్న మన పిల్లలకు బ్యాంకు గొడవలూ వస్తున్నాయి. అందుకని కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. మారే వడ్డీ మీద మనిషి తన పేరున తీసుకున్న ఇంటి లోనును ముందే తీర్చేస్తే బ్యాంకు జరిమానా వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. లోను తీరాక 30 రోజుల్లో ఇంటి కాగితాలు తిరిగివ్వాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు మీకివ్వాలి. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ముందు బ్యాంకుకే రాతలో ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి ఒక్క రూపాయి ఫీజు లేదు. సమాచారానికి 14448 నంబరు.

ఇంకొకటి, మనకు బొత్తిగా చెప్పనిది. 1987 నాటి న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. నంబరు 15100. పిల్లలకు ఫోన్లో సేవ్ చేసి పెట్టండి. పల్లెలో గోడ మీద రాయండి.

మా నాయనకు ఆ రోజు ఈ మాట చెప్పే మనిషి లేడు. చెప్పాల్సిన ఆఫీసు చెప్పలేదు. మనలో చదువుకున్నవాళ్లం ఇప్పుడు చాలామందిమి ఉన్నాం. దరఖాస్తు రాసిపెట్టడానికి ఆదివారం ఒక గంట చాలు. ఎవడన్నా మీ ఇంటికొచ్చి "ముందు ఖర్చులుంటయ్" అంటే, "పని చేసి చూపించు, తర్వాత మాట్లాడదాం" అనండి.

అమ్మ చెవులకు ఇప్పుడు కమ్మలున్నాయి, మా చెల్లెలు కొనిపెట్టింది. గేదె మాత్రం ఎప్పుడూ రాలేదు.

వచ్చే ఆదివారం ఎనిమిదో భాగం.

జై భీమ్.